ఒకే అమ్మాయికి రెండుసార్లు రెండు స్కోర్లు, దేన్ని నమ్మాలి?

ఎమ్మెస్సీ సైకాలజీ ప్రాజెక్టు కోసం 13–16 ఏళ్ల అమ్మాయిల్లో ఈటింగ్ డిజార్డర్ లక్షణాలు కొలుస్తున్నాను. ముందు ఈఏటీ-26 (తిండి విషయంలో వైఖరి, అలవాట్ల గురించి 26 ప్రశ్నల ఫారం) వాడాను. రెండు వారాలాగి మళ్లీ ఇస్తే కొందరి స్కోరు, ఇంకా లోతుగా పరీక్షించాలని చెప్పే 20 కటాఫ్‌ దాటి అటూ ఇటూ మారిపోయింది. క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి పొందికగా ఉన్నాయా అని చెప్పే సంఖ్య) మాత్రం బాగానే ఉంది, అయినా స్కోర్లు నిలకడగా లేవు, అదే నా టెన్షన్. 'తరచుగా' అన్న జవాబుకి 1, 'అప్పుడప్పుడు'కి 0 కదా, తేడా అక్కడే వస్తోందేమో.

ఈడీఈ-క్యూ (ఈటింగ్ డిజార్డర్ లక్షణాలకే ఇంకో ప్రశ్నావళి) కూడా కొందరికి ఇచ్చి చూశాను. గత 28 రోజుల్లో తినడం మీద అదుపు తప్పిందా అన్నచోట ఒకమ్మాయి పెన్ను ఆపి, "ఇంకోసారి వడ్డించుకుంటే అదుపు తప్పినట్టేనా మేడమ్?" అంది. ఏం చెప్పాలో తోచలేదు.

ఈ వయసు పిల్లలతో పనిచేసినవాళ్లు చెప్పండి: ముందే ఉదాహరణలతో వివరిస్తే కొలత చెడుతుందా? ఎక్కువ స్కోరు వచ్చినవాళ్లతోనైనా ముఖాముఖి మాట్లాడాల్సిందేనా?