నా సూపర్ హీరోయిన్ ని రాక్ సింగర్ ని చేస్తే సెట్ అవుద్దా? ఫ్యాన్స్ ఎవరైనా ఉంటే చెప్పండి

కోటగోడ_బొమ్మలు:
హాయ్ అన్నలూ అక్కలూ, మాది విజయనగరం, డిగ్రీ రెండో ఏడు, చదివేది తక్కువ బొమ్మలేసేది ఎక్కువ. ఇంటర్లో ఉన్నప్పుడు ఒక హీరోయిన్ ని గీశాను, పేరు గౌరి, పగలు గంటస్తంభం దగ్గర పూలకొట్టు, రాత్రి దొంగల్ని కొట్టడం, గట్టిగా కేకేస్తే అద్దాలు పగిలిపోతాయి. అవును, అరుపే ఆయుధంగా ఉన్న డీసీ కామిక్స్ వాళ్ళ హీరోయిన్ బ్లాక్ కేనరీ కాపీయే, తిట్టకండి, అప్పుడు పదహారేళ్ళు. ఇప్పుడు మళ్ళీ మొదలెడదామని తీస్తే పూలకొట్టు బోర్ కొట్టేసింది, 2015లో డీసీ వాళ్ళు బ్లాక్ కేనరీని రాక్ బ్యాండ్ సింగర్ ని చేసి తెచ్చిన సిరీస్ చదివా కదా, అప్పట్నుంచి గౌరి చేతిలో కూడా మైకు పెట్టాలనే ఉంది. ఆరు పేజీలు అయ్యాయి, అక్కడ ఆగిపోయా. ఎందుకంటే ఆ పిల్ల గొంతే ఆయుధం, మరి స్టేజీ ఎక్కి పాడితే ముందు వరసలో కూచున్నోళ్ళ గతేంటి? పాడేటప్పుడు పవర్ రాదు అంటే చీటింగ్ లా ఉంది, వస్తుంది అంటే రెండో పాటకే కథ అయిపోద్ది. మా కజిన్ అయితే ఇది కథ కాదే, డ్రెస్ మార్చడం అంతే అన్నాడు. నిజమేనా?

ఏడురోడ్ల_కామిక్స్:
మీ కజిన్ సగం కరెక్టే చెల్లీ. ఉద్యోగం మార్చి లెదర్ జాకెట్ తొడిగేస్తే అది డ్రెస్ మార్చడమే. కానీ బ్లాక్ కేనరీ చరిత్రే మార్పుల చరిత్ర, 1947లో ఫ్లాష్ కామిక్స్ 86వ సంచికలో వచ్చినప్పుడు ఆవిడ వేరేవాడి కథలో పక్క పాత్ర, నల్లజుట్టు మీద బంగారు రంగు విగ్గు పెట్టుకుని దొంగల్నే దోచుకునేది. ఆ తర్వాత పూలకొట్టు వచ్చింది (మీరు కాపీ కొట్టింది దాన్నే). మనం ఇప్పుడు ఆవిడ అంటే ఆ అరుపే అనుకుంటాం గానీ అరుపు వచ్చింది 1969లో, అంటే ఇరవై రెండేళ్ళు ఆ అరుపు లేకుండానే నెట్టుకొచ్చింది.

2015 దాంట్లో నాకు నచ్చింది ఏంటంటే ఆవిడ సరదాకి పాడదు. అంతకుముందు బ్యాట్‌గర్ల్ అనే ఇంకో హీరోయిన్ కథలో ఇంట్లో సామానంతా కాలిపోద్ది, చేతిలో రూపాయి లేదు, డబ్బు కోసం బ్యాండ్ లో చేరుద్ది. పాత సింగర్ బో మేవ్ ప్లేసులో దూరింది కాబట్టి ఆ పాత సింగర్ కి ఈవిడంటే మంట, గిటార్ వాయించే చిన్నపిల్ల ఒక్క మాట మాట్లాడదు, ఎక్కడ ప్రోగ్రాం పెట్టినా చివరికి తన్నులాటే. పన్నెండు సంచికలతో ఆగిపోయింది, అది వేరే బాధ. ఇప్పుడు ఇటు చూడండి, ఇంకో కామిక్స్ కంపెనీ మార్వెల్ వాళ్ళ సింగర్ హీరోయిన్ డాజ్లర్ 1980లో వచ్చింది, అసలు ఐడియా కాసాబ్లాంకా అనే రికార్డు కంపెనీతో కలిసి డిస్కో సింగర్ ని తయారు చేద్దామని, ఆ పాత్ర బయటికొచ్చేసరికి డిస్కో మోజు పోయింది, కంపెనీ ఒప్పందమూ పోయింది. సొంత పత్రిక మొదటి సంచిక 1981లో 4 లక్షల పైనే అమ్ముడైంది అనుకోండి, కానీ ఫ్యాషన్ ని నమ్ముకుని పుట్టిన పాత్ర కదా, తర్వాత చాలా తిప్పలు పడింది. అయితే ఆ పాత్రలోనూ ఒక మంచి సంగతి ఉంది, చప్పుడుని వెలుగుగా మారుస్తుంది, అంటే జనం ఎంత గోల చేస్తే అంత బలం, అదీ సింగర్ కి సరిపోయే పవర్. మీ గౌరికి పాట ఎందుకు అవసరం? అది తేల్చుకోండి ముందు, జాకెట్ తర్వాత.

పలాస_పిల్లోడు:
ఓలమ్మ ఇదంతా సరేగానీ స్పీకర్లు పగిలిపోతే సౌండ్ సిస్టమోడికి డబ్బులెవులిత్తారు? మా ఊర్లో పండగకి ఒక్క బాక్సు కాలిపోతేనే కమిటీవోలు మూడ్నెల్లు మాటల్లేకుండా తిరిగినారు. నువ్వు నవ్వుకుంతావు గానీ అప్పా, నాకైతే అదే కథ. ఆ పిల్ల ప్రతి ప్రోగ్రాంకి అప్పు పడతాది, ఆ అప్పు తీర్సడానికి మళ్ళీ పాడాల.

ఖరజం_బ్యాచ్:
పలాస బాబు జోకేశాడు గానీ మంచి పాయింటే. నేను మన విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకున్నా, కాబట్టి గొంతు సంగతి నేను చెప్తా. గాజు గ్లాసు ఎంత గట్టిగా అరిస్తే అంత త్వరగా పగిలేది కాదమ్మాయ్, దానికో సొంత ఫ్రీక్వెన్సీ ఉంటుంది, సరిగ్గా ఆ స్థాయిలో గట్టిగా పట్టి నిలిపితేనే పగులుద్ది. మీ గౌరి పవర్ కూడా అలాగే ఒకే ఒక్క స్వరంలో పెట్టండి, తారస్థాయి పంచమం (పై స్థాయి 'ప') అనుకోండి. పాటలన్నీ ఆ స్వరం కిందే తిరిగేలా కట్టుకుంటుంది, బ్యాండ్ వాళ్ళందరికీ తెలుసు, జనానికి మాత్రం ఈ పిల్ల ఎప్పుడూ పై స్థాయికి ఎందుకు వెళ్ళదో తెలీదు, గొంతు లేదు పాపం అనుకుంటారు. ఇప్పుడు విలన్ ఏం చెయ్యాలి? బాంబులక్కర్లా. గిటార్ మీద కేపో (తీగల్ని నొక్కి పట్టే క్లిప్పు) ఒక రెండు ఫ్రెట్లు, అంటే మెడ మీద రెండు గడులు, పైకి జరిపి బిగిస్తే చాలు, శ్రుతి పెరిగిపోయింది, రోజూ పాడే పాటే, అదే చరణం, కానీ ఇవాళ మధ్యలో ఆ స్వరం తగిలేస్తుంది. మొదటి లైను పాడగానే తనకి అనుమానం వస్తుంది, ఆపితే పరువు, పాడితే ప్రాణాలు. మీ ఏడో పేజీ అదే.

ఇంకోటి, రాక్ అంటే అమెరికా వైపే చూడనక్కర్లా. 1919లో మా కాలేజీ పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, హరికథ పితామహుడు. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిరతలు, మైకుల్లేని రోజుల్లో ఒక్క మనిషి నిలబడి కథ చెప్పి, పాడి, ఆడి జనాన్ని కదలకుండా కూచోబెట్టడం అంటే అది ఏ రాక్ షోకి తక్కువ? గౌరి వాళ్ళ అమ్మమ్మ హరికథ చెప్పేదని పెట్టండి. ఆడవాళ్ళు చెప్పిన హరికథలు బోలెడు. ఆ ఒక్క స్వరం దగ్గర ఆగడం కూడా అమ్మమ్మే నేర్పిందేమో.

ఆమదాలవలస_దరువు:
ఖరజం అక్క సెప్పింది సూపరు. నాది ఒకటే మాట, డ్రమ్మర్ ని కుర్చీలో కూచోబెట్టకు. డ్రమ్ కిట్ ముందు కూచున్నోడు ఫైట్ వచ్చినప్పుడు ఏటి సేత్తాడు, కర్రలిసిరేసి పారిపోవాల. మన తప్పెటగుళ్ళు పెట్టు. గుండ్రంటి తప్పెట గుండెల మీద కట్టుకుంటారు, రెండు సేతులా వాయిస్తా ఎగురుతా దూకుతా పాడతారు, కాళ్ళకి గజ్జెలు. వాయిస్తానే తన్నొచ్చు! మా నాన్న బృందంలో ఆడేవోడు, ఎండాకాలం ఒక రాత్రి ఆడితే మర్నాడు సొక్కా తొడుక్కోలేపోయేవోడు, రొమ్మంతా ఎర్రగా కమిలిపోయేది, అది కూడా గియ్యి, ఉత్తినే స్టైల్ కోసం పెట్టకు. ఎక్కువగా మగోళ్ళే ఆడతారు కాబట్టి నీ బ్యాండ్ లో ఒక ఆడగుంట తప్పెట కట్టుకుంటే దాని మీదే ఒక గొడవ నడుస్తాది, ఊర్లో పెద్దలు ఒప్పుకోరు, అదో రెండు పేజీలు.

కోటగోడ_బొమ్మలు:
నేను పొద్దున పోస్ట్ పెట్టి కాలేజీకి పోయా, వచ్చి చూస్తే ఇంత రాశారేంటి అందరూ 😭 కేపో ఐడియా తీసేసుకుంటున్నా అక్కా, మీ పేరు చివరి పేజీలో వేస్తా. అప్పు ఐడియా కూడా, మొదటి ప్యానెలే సౌండ్ సిస్టం అతను నోట్‌బుక్ లో లెక్క రాసుకుంటూ ఉంటాడు. పూలకొట్టు మాత్రం తీసెయ్యట్లేదు, పగలు దాంతోనే వాయిదాలు కడుతుంది.

ఇంకో తలనొప్పి ఉండేది, అరుపుని తెలుగులో ఎలా రాయాలి అని. ఆఆఆఆ అని రాస్తే పంటి నొప్పిలా కనిపిస్తోంది. నిన్న రాత్రి 'కీ' అని పెద్దగా రాసి ఆ గుడిదీర్ఘం తోకని ప్యానెల్ గీత చీల్చుకుని పక్క పేజీ దాకా లాగా, దారిలో ఉన్న అద్దాలు, బల్బులు అన్నీ ఆ తోక తగిలే పగులుతున్నట్టు. బానే వచ్చింది, మా అమ్మ చూసి ఆ పాము ఏంటే అంది గానీ.

దరువు అన్నా, తప్పెట కట్టు ఎలా ఉంటుందో వెనక నుంచి సరిగ్గా తెలీట్లేదు నాకు, తాడు భుజాల మీంచా మెడ మీంచా? వీడియోల్లో అందరూ ఎగురుతూనే ఉంటారు, ఆగరు. ప్రాక్టీస్ చూడ్డానికి రావొచ్చా?

ఆమదాలవలస_దరువు:
ఆదివారం సాయంత్రం వచ్చీ చెల్లెమ్మా, రైలు దిగి మెసేజ్ పెట్టు. బొమ్మల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పక్కన కూచుందామనుకుంటన్నావేమో, మా బాబాయి ఊరుకోడు, తాడు ఎక్కడ కడతారని అడిగినోళ్ళకి కట్టేసి సూపిస్తాడు.