“బ్లూ వేల్ యూనిట్”కు తెలుగు మాట

లలిత: తిమింగలాల వేట చరిత్ర మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. అందులో “బ్లూ వేల్ యూనిట్” అడుగడుగునా వస్తోంది. “నీలి తిమింగలాలు 16,000” అని రాసేయొచ్చా?

భాస్కర్: రాయకండి లలితగారూ, అర్థం తలకిందులైపోతుంది. అది తలల లెక్క కాదు, నూనె లెక్క. ఒక నీలి తిమింగలానికి 2 ఫిన్, లేదా రెండున్నర హంప్‌బ్యాక్, లేదా 6 సేయ్ తిమింగలాలు సమానం. ఒక ఓడ 10 ఫిన్, 5 హంప్‌బ్యాక్, 6 సేయ్ పట్టిందనుకోండి. 5, 2, 1 కలిపి 8 యూనిట్లు. చచ్చినవి 21, అందులో నీలిది ఒక్కటీ లేదు.

లలిత: ఇలా కలిపి లెక్కెయ్యడం దేనికండీ?

భాస్కర్: 1930–31లో ఒక్క అంటార్కిటిక్‌లోనే 29 వేలకు పైగా నీలి తిమింగలాలను చంపారు. సబ్బుకు, మార్గరీన్‌కు పోయే ఆ నూనె మార్కెట్లో పేరుకుపోయి ధర పడిపోయింది. ఉత్పత్తి తగ్గించుకోడానికి కంపెనీలు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందాల్లోంచి వచ్చిన కొలత ఇది. ధరను కాపాడుకోడానికి పుట్టినదాన్నే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తిమింగలాల రక్షణకూ వాడారు. అంటార్కిటిక్ మొత్తానికి ఏడాదికి 16,000 యూనిట్లు, నీలి, ఫిన్, సేయ్ జాతులకు విడివిడిగా హద్దులు లేవు! మొదట్లో దేశాలవారీ వాటాలు కూడా లేవు, ఎవరు ముందు పడితే వాళ్ళది. నీలివి అరుదైపోయాక ఓడల ఖర్చు ఫిన్ తిమింగలాల మీదే గడిచేది. అయినా దారిలో నీలిది కనపడితే వదిలేవాళ్ళు కాదు, ఒక్క వేటుకే నిండు యూనిట్ కదా. తర్వాత ఫిన్ తగ్గాయి, వేట సేయ్ మీద పడింది. 1972లో గానీ ఈ యూనిట్‌ను తీసేసి జాతికో కోటా పెట్టలేదు. వ్యాపార వేట ఆపాలని 1982లో తీర్మానించారు, 1985–86 నుంచి అమలు.

సుబ్బారావు: వడ్లు, జొన్నలు, కందులు కలిపేసి ఇన్ని పుట్లు అన్నట్టుంది. “నీలి తిమింగల సమానం” అంటే?

భాస్కర్: బాగుంది సుబ్బారావుగారూ, “యూనిట్” కన్నా ఇదే నయం. లలితగారూ, మొదటిసారి వచ్చినచోట “నూనె దిగుబడిలో ఒక నీలి తిమింగలానికి సాటి” అని విప్పి చెప్పండి, ఆ తర్వాత “సమానాలు” చాలు. పట్టికల్లో ఈ అంకె కింద “చంపిన తిమింగలాలు” అన్న శీర్షిక మాత్రం పెట్టకండి. జాతులవారీ సంఖ్యలు మూలంలో ఉంటే పక్కనే ఇంకో వరుస వెయ్యండి.