నాన్నని బాబ్ డిలన్ కచేరీకి తీసుకెళ్తున్నాను, వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

గోదారిగట్టు:
మేం లెస్టర్‌లో ఉంటాం. నాన్న రాజమండ్రి నుంచి వచ్చి రెండు నెలలైంది. వచ్చే వారం, 2024 నవంబర్ 13న, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో అమెరికన్ గాయకుడు డిలన్ కచేరీకి రెండు టికెట్లు తీశాను. నాన్నకి 71. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్నేహితుడు ఎక్కించిచ్చిన క్యాసెట్ ఇంకా దాచుకున్నారు. అట్ట మీద పాటల పేర్లు ఆకుపచ్చ సిరాతో తనే రాసుకున్నారు. మొదటి పేరు ‘బ్లోయిన్ ఇన్ ద విండ్’. అది వింటానన్న ఆశతోనే బయల్దేరుతున్నారు.

ఇప్పుడు చూస్తే పాతవి పెద్దగా పాడటం లేదని, గొంతు పోయిందని, ఫోన్లు తాళం వేసేస్తారని చదివాను. నాన్నకి షుగరు కూడా. టెన్షన్‌గా ఉంది. తీసుకెళ్లనా, ముందే అన్నీ చెప్పేయనా?

రేవుపడవ:
తప్పకుండా తీసుకెళ్లండి, కానీ ముందే చెప్పండి. నేను 2022 అక్టోబర్‌లో లండన్ పెలేడియంలో విన్నాను. క్యాసెట్లో ఉన్న పాట కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే రాత్రంతా బాధే మిగులుతుంది. ఈ టూర్ 2020లో వచ్చిన ‘రఫ్ అండ్ రౌడీ వేస్’ ఆల్బం కోసం. అందులో ఉన్నవి పదే పాటలు, పదిహేడు నిమిషాల చివరి పాట తప్ప మిగతా తొమ్మిదీ పాడాడు. ఈ వారం రోజులూ నాన్నగారికి ఆ ఆల్బం వినిపించండి, సాహిత్యం ప్రింటు తీసి చేతికివ్వండి. నేను చేయకుండా వెళ్లాను, సగం మాటలు అందలేదు. ఇప్పటికీ అదే బాధ.

ఫోను ఒక సంచిలో పెట్టి లాక్ చేస్తారు, కానీ సంచి మన దగ్గరే ఉంటుంది. బయటికొచ్చేటప్పుడు తీసిస్తారు. మాత్రలు, తినడానికి ఏదైనా తీసుకెళ్లాలంటే హాలువాళ్లకి ముందే ఫోన్ చేసి అడగండి. పెద్ద స్క్రీన్లు ఉండవు, స్టేజీ మీద వెలుతురు తక్కువ. పియానో వెనక నుంచి తల మాత్రమే కనబడుతుంది. బైనాక్యులర్స్ ఉంటే పట్టుకెళ్లండి.

తాతయ్య_తంబురా:
గొంతు గురించి ఒక్క మాట, నాయనా. పౌరాణిక నాటకాల్లో పద్యం అందరికీ కంఠతా వచ్చిందే. అయినా ఈ నటుడు ఈ రాత్రి దాన్ని ఏ రాగంలో ఎత్తుకుంటాడో, ఎక్కడ ఆపుతాడో అని తెల్లవార్లూ కూర్చునేవాళ్లం. డిలన్ గారిదీ ఆ దారే. పాత పాటకి వరస మార్చేస్తారు, పదాన్ని తాళానికి ముందో వెనకో వేస్తారు. రికార్డులా లేదని కోప్పడే అమెరికన్లు, ఇంగ్లీషువాళ్లు మొదటినుంచీ ఉన్నారు. 1966లో మాంచెస్టర్‌లో, జానపద ధోరణి వదిలి ఎలక్ట్రిక్ గిటారు పట్టుకున్నందుకు జనంలోంచి ఒకడు ‘జూడాస్’ అని, అంటే ఏసుని పట్టిచ్చిన ద్రోహి పేరు పెట్టి, అరిచాడు. అప్పుడాయనకి పాతికేళ్లు కూడా నిండలేదు. ఇప్పుడు 83. మీ నాన్నగారికి ఈ సంగతి చెప్పి చూడండి, పద్యాలు విన్న చెవి అయితే మీకంటే ముందు ఆయనే పట్టేస్తారు.

రేవుపడవ:
పెద్దాయన చెప్పింది నిజం. అన్నట్టు, డిలన్ జనంతో మాట్లాడడు. నమస్కారం, బాగున్నారా ఏమీ ఉండవు. కోపమొచ్చిందేమోనని నాన్నగారు అనుకోకుండా అది కూడా చెప్పండి.

గోదారిగట్టు:
వెళ్లొచ్చాం. ఇద్దరికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

వారమంతా నాన్న ప్రింటు కాయితాల మీద పెన్సిల్‌తో అర్థాలు రాసుకున్నారు. హాల్లో రెండో పాట మొదలైంది. వరస నాకు బొత్తిగా తెలియలేదు. నాన్న మాత్రం కళ్లు మూసుకుని, కుర్చీ చేతి మీద వేలితో లెక్క వేస్తూ, ఉన్నట్టుండి నా మోచెయ్యి పట్టుకుని “ఇది క్యాసెట్లో రెండో వైపుదిరా!” అన్నారు. ‘ఇట్ ఏంట్ మీ, బేబ్’. 1964 నాటిది. మాటల్ని బట్టి పట్టేశారు. డిలన్ గొంతు బొంగురుగానే ఉంది, కానీ ఒక్క మాట కూడా నమిలెయ్యలేదు. ‘బ్లోయిన్ ఇన్ ద విండ్’ పాడలేదు. చివర్న ‘ఎవ్రీ గ్రెయిన్ ఆఫ్ శాండ్’లో మౌతార్గాన్ అందుకున్నప్పుడు మా వరసలో ఎవరూ కదల్లేదు. నాన్న కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

బయట సంచి తెరిచి ఫోను చేతికిస్తే జేబులో వేసేసుకున్నారు, అమ్మకి కూడా చెయ్యలేదు. స్టేషన్ దాకా నడుస్తూ ఆ కొత్త వరసే కూనిరాగం తీస్తూ వచ్చారు. రెండు చోట్ల తప్పితే, ఆగి మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు.