లై, లే: తేడా ఎక్కడుంది?

ఆంగ్లంలోని లై (lie, పడుకొను), లే (lay, పడుకోబెట్టు) అనే క్రియల తేడా ఎన్నిసార్లు చదివినా గుర్తుండడం లేదని ఒక సభ్యులు అడిగారు. ఈ రూపాలను పట్టికగా కంఠస్థం చేయడం కన్నా, మన దిగు–దింపు, తిరుగు–తిప్పు, కూలు–కూల్చు జంటలను ఎలా చూస్తామో అలాగే చూడడం మేలని నా నిశ్చితాభిప్రాయం. తనంత తాను జరిగే పని అకర్మకం, మరొకదాని మీద జరిపే పని సకర్మకం. ఆంగ్లానికి మూలమైన జర్మానిక్ భాషలో లైకి ప్రేరణార్థకంగా, అంటే ఆ పనిని చేయించడం అనే అర్థంలో, ఏర్పడినదే లే; సిట్‌కు సెట్, ఫాల్‌కు ఫెల్ కూడా అలా వచ్చినవే. చెట్టు దానంతట అది కూలితే ఫాల్, గొడ్డలితో కూల్చితే ఫెల్.

అసలు చిక్కు భూతకాలంలో ఉంది. ఫాల్‌కు భూతకాలం ఫెల్ అయినట్లే, లైకి భూతకాలం లే. కనుక నిన్న మంచం మీద పడుకున్నానని చెప్పడానికి ‘ఐ లే ఆన్ ద బెడ్ యెస్టర్‌డే’ అనడమే సరైనది. వినడానికి తప్పులా తోచి చాలామంది దీనిని లెయిడ్ అని ‘దిద్దుతారు’. లెయిడ్ వాడాలంటే దేనిని, ఎవరిని అనే ప్రశ్నకు వాక్యంలో జవాబు ఉండాలి: ‘ఐ లెయిడ్ ద బేబీ ఆన్ ద బెడ్’. హ్యావ్ తరువాత లైకి లెయిన్, లేకు లెయిడ్ వస్తాయి. అబద్ధమాడడం అనే అర్థంలోని లై వేరే క్రియ, దాని భూతకాలం లైడ్. ఆంగ్లం మాతృభాషగా గలవారు కూడా మాటల్లో లైకి బదులు లే వాడుతుంటారన్నది నిజమే కాని, పరీక్షలోనూ ఉత్తరంలోనూ అది దోషంగానే లెక్కకు వస్తుంది.

అరైజ్, రెయిజ్ విషయంలో మనకు ఇంత శ్రమ అక్కరలేదు, ఎందుకంటే తెలుగులో సందేహం తలెత్తుతుంది, సందేహాన్ని మనం లేవనెత్తుతాము. మొదటిది అరైజ్, రెండవది రెయిజ్. ‘ఎ డౌట్ రెయిజ్డ్ ఇన్ మై మైండ్’ అని రాసేవారు ఈ రెండు తెలుగు మాటలను ఒక్కసారి తలచుకుంటే చాలు.

బారో, లెండ్ తికమక ఈ కోవకు చెందదు. అక్కడ రెండు క్రియలూ సకర్మకాలే, మారేది దిశ మాత్రమే: అప్పు తెచ్చుకొనేవారిది బారో, ఇచ్చేవారిది లెండ్. ఎదుటివారిని కలం అడిగేటప్పుడు ఇచ్చేవారు వారే కనుక ‘కెన్ యూ లెండ్ మీ యువర్ పెన్’ అనాలి. బారో వాడదలిస్తే ‘కెన్ ఐ’ అని మొదలుపెట్టాలి.