సోర్స్ కోడ్ నుంచి ప్రోగ్రాం బిల్డ్ చేసేటప్పుడు లైబ్రరీలు డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం) ఇచ్చేవి వాడాలా, మనమే వెంట పెట్టుకోవాలా?

గండికోట (కడప):
మా కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు 22.04 ఉంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేయమంటే సగం మంది కాన్ఫిగర్ (కావలసినవన్నీ సిస్టంలో ఉన్నాయో లేదో చూసే మొదటి మెట్టు) దగ్గరే ఆగిపోతున్నారు. కావలసిన లైబ్రరీలన్నీ స్టాటిక్‌గా (ప్రోగ్రాంలోనే భాగంగా) కలిపి ఒకే ఫోల్డర్‌గా ఇచ్చేస్తే గొడవ ఉండదు కదా?

బురుజు (కర్నూలు):
వద్దు తమ్ముడూ. ముందు ఎక్కడ ఆగుతున్నారో చూడు. 'రీడ్‌లైన్ లైబ్రరీ నాట్ ఫౌండ్' అని వస్తోంటుంది. రీడ్‌లైన్ అంటే కొట్టిన లైన్లను దిద్దుకోనిచ్చే, పాతవి తిరిగి చూపించే లైబ్రరీ. లైబ్రరీ సిస్టంలో ఉండనే ఉంటుంది. కంపైలర్‌కు కావలసిన హెడర్ ఫైళ్ళు మాత్రం లిబ్‌రీడ్‌లైన్-డెవ్ అనే వేరే ప్యాకేజీలో ఉంటాయి. ఫెడోరాలో అయితే రీడ్‌లైన్-డెవెల్. ఆ ఎర్రర్ కిందే 'వితౌట్-రీడ్‌లైన్' వాడుకోవచ్చని రాసి ఉంటుంది. పిల్లలు అదే కొట్టేసి ముందుకు పోతారు. తర్వాత పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్‌కు క్వెరీలు పంపే ప్రోగ్రాం) పై బాణం నొక్కితే పాత క్వెరీ రాదు, స్క్రీన్ మీద పిచ్చి గుర్తులు పడతాయి. ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

ఆప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలు తెచ్చే కమాండ్) వాడే సోర్సెస్ ఫైల్‌లో డెబ్-సోర్స్ లైన్లు తెరిచి, అప్‌డేట్ చేసి, 'ఆప్ట్ బిల్డ్-డెప్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-14' కొట్టించు. దాదాపు అన్నీ ఒక్క దెబ్బకు వస్తాయి.

అసలు భయం వేరే ఉంది. 2014 ఏప్రిల్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడింది. డిస్ట్రో లైబ్రరీ వాడేవాళ్ళు ఒక ప్యాకేజీ అప్‌డేట్ చేసి సర్వీసులు రీస్టార్ట్ చేసుకుంటే సరిపోయింది. స్టాటిక్‌గా కలిపినవాటిని మాత్రం ఒక్కొక్కటీ వెతికి మళ్ళీ బిల్డ్ చేయాలి. రేపు నువ్వు ఇచ్చిన ఫోల్డర్‌ను ఎవరు అప్‌డేట్ చేస్తారు?

పెన్నా (అనంతపురం):
అన్నా, ల్యాబ్ సంగతి సరే. మేము ఇక్కడ షాపులకు బిల్లింగ్ ప్రోగ్రాం చేసిస్తాం. 22.04లో బిల్డ్ చేసింది 20.04 ఉన్న షాపులో తెరుచుకోలేదు. జీలిబ్‌సీ (దాదాపు ప్రోగ్రాంలన్నీ ఆధారపడే మూల సీ లైబ్రరీ) వెర్షన్ దొరకలేదంటుంది. అప్పుడు మా లైబ్రరీలు మేం తీసుకెళ్ళకపోతే ఎట్లా? పైగా డిస్ట్రోను నమ్మితే చాలా? 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైల్ కంప్రెషన్ టూల్‌లో బ్యాక్‌డోర్ (దొంగదారి) దొరికిందిగా.

బురుజు (కర్నూలు):
ఆ బ్యాక్‌డోర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఉండింది. డెబియన్ డిస్ట్రోలో టెస్టింగ్ (ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్) దాకా వచ్చింది, స్టేబుల్ (విడుదలైన నిలకడ వెర్షన్) లోకి రాలేదు. కొత్తది రాగానే తెచ్చిపెట్టుకునేవాళ్ళకే ఎక్కువ ముప్పు, అందుకే నేను స్టేబుల్ వైపు ఉంటాను.

జీలిబ్‌సీకి ఫోల్డర్ మందు కాదు. 22.04లో ఉన్నది 2.35, 20.04లో 2.31. కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడవదు, పాతదాని మీద కట్టింది కొత్తదాని మీద మామూలుగా నడుస్తుంది. కాబట్టి 20.04 కంటైనర్‌లో (మీ మెషిన్ మీదే వేరుగా నడిచే 20.04 వాతావరణం) బిల్డ్ చేసి రెండు చోట్లా ఇవ్వండి. జీలిబ్‌సీని స్టాటిక్‌గా కలిపినా హోస్ట్ పేర్లు వెతికే చోట నడిచేటప్పుడు మళ్ళీ షేర్డ్ లైబ్రరీలే (ప్రోగ్రాం బయట సిస్టంలో ఉండేవి) కావాలి, బిల్డ్‌లో లైబ్రరీలను కలిపే లింకరే హెచ్చరిస్తుంది.

డిస్ట్రోలో నిజంగా లేని వెర్షన్ కావాలంటే ఆ ఒక్క లైబ్రరీని '/opt' అనే డైరెక్టరీ కింద (పైన చెప్పిన ఆప్ట్ కమాండ్ కాదు) సొంత ఫోల్డర్‌లో పెట్టి, పీకేజీ-కాన్ఫిగ్ (బిల్డ్‌కు లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే టూల్) పాత్ దానికి చూపించండి. బిల్డ్ అయ్యాక 'ఎల్‌డీడీ' (ప్రోగ్రాం ఏ లైబ్రరీలు వాడుతుందో చూపే కమాండ్) కొట్టి, ప్రోగ్రాం దాన్నే పట్టుకుందో, పాతదాన్ని పట్టుకుందో చూసుకున్నాకే షాపుకు ఇవ్వండి.