ఫెంటన్‌తో మురికి పోతోందా, నీళ్లలోంచి బురదలోకి మారుతోందా?

ఈటీపీ_రాత్రిషిఫ్టు:
బల్క్ డ్రగ్ యూనిట్‌లో (మందుల ముడిసరుకు చేసే ఫ్యాక్టరీ) ఈటీపీ, అంటే మురికినీటి శుద్ధి ప్లాంటు, చూస్తాను. రోజుకి 50 కిలోలీటర్ల నీళ్లు, సీఓడీ (నీటిలోని మురికిని ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత) లీటరుకు 12,000 మిల్లీగ్రాములు. కన్సల్టెంటు గారు ఫెంటన్ పెట్టించారు, ఇనుము, పెరాక్సైడ్‌తో మురికిని విరగ్గొట్టే పద్ధతి. యాసిడ్ పోసి పీహెచ్ 3కి దించి, ఇనుము కోసం ఫెర్రస్ సల్ఫేట్ కలిపి, హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతాం. నీళ్లు ఇటుక రంగుకి తిరిగి బుసబుసా పొంగుతాయి. తర్వాత సున్నం కలిపితే ఫిల్టర్ ప్రెస్ నిండా ఎర్ర బురద. దాన్ని మళ్లీ డబ్బులు కట్టి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. దీన్ని శుద్ధి అంటారా?

నీళ్ల_కెమిస్ట్రీ:
అంటారు. ఆ బురదలో ఎక్కువ భాగం మీరు పోసిన ఇనుము, సున్నమే. మందు అణువులు మాత్రం నిజంగానే ముక్కలవుతాయి. పెరాక్సైడ్‌ని ఇనుము విరగ్గొడితే పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్‌కి ఎదురుపడిన కర్బన పదార్థాన్నల్లా కొరికే గుణం ఉంది. ఇనుము, పెరాక్సైడ్ కలిస్తే టార్టారిక్ ఆమ్లం ఆక్సీకరణ చెందుతుందని రసాయన శాస్త్రవేత్త ఫెంటన్ 1894లోనే రాశాడు. అన్నీ బ్యాక్టీరియాకే వదిలేద్దామంటే హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు గుర్తు చేసుకోండి. అక్కడ మందుల ఫ్యాక్టరీల ఉమ్మడి కేంద్రంలో శుద్ధి అయి బయటికొచ్చిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు.

లెక్క_చెప్పండి:
కెమిస్ట్రీ బాగుంది, బిల్లు ఎవరు కడతారు? కిలో సీఓడీ పూర్తిగా పోవాలంటే కాగితం మీదే 2.125 కిలోల పెరాక్సైడ్ కావాలి. 50 శాతం సరుకైతే 4.25 కిలోలు. ఈయన నీళ్లలో 600 కిలోల సీఓడీ ఉంది, అంటే రోజుకి రెండున్నర టన్నులు! పైగా యాసిడ్, సల్ఫేట్, సున్నం కలిసి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) పెంచుతాయి. వెనక ఎంఈఈ (నీటిని ఆవిరి చేసి ఉప్పు మిగిల్చే యంత్రం) ఉంటే ఆ ఉప్పంతా దాని నెత్తినే.

నీళ్ల_కెమిస్ట్రీ:
పూర్తిగా కాల్చమని ఎవరన్నారండీ? బ్యాక్టీరియా తినలేని దాన్ని తినగలిగే ముక్కలు చేస్తే చాలు, మిగతాది బ్యాక్టీరియా ఉండే ఏరేషన్ ట్యాంక్ చూసుకుంటుంది. అసలు తప్పు అన్ని నీళ్లూ ఈక్వలైజేషన్ ట్యాంకులో కలిపేశాక ఫెంటన్ చేయడం. మొండి మదర్ లిక్కర్‌ని (మందు స్ఫటికాలు తీసేశాక మిగిలే చిక్కటి ద్రవం) విడిగా పట్టి దానికే చేయండి. క్లోరైడ్ ఎక్కువున్న స్ట్రీమ్ మాత్రం వద్దు, రాడికల్స్‌ని అదే మింగేస్తుంది.

ఎమ్మెస్సీ_ఫైనలియర్:
ఎండ పడితే మురికిని విరగ్గొట్టే టైటానియం డయాక్సైడ్ వాడితే చాలు కదా సార్? ఇనుప బురదే రాదు.

ఈటీపీ_రాత్రిషిఫ్టు:
తమ్ముడూ, మా ట్యాంకులో చెయ్యి ముంచితే మణికట్టు కనబడదు. ఎండ లోపలికి ఎలా పోతుంది?

లెక్క_చెప్పండి:
😄 విడిగా పట్టి చేస్తే నాకూ అభ్యంతరం లేదు. కానీ సీఓడీ తగ్గిందని ఎలా చూస్తున్నారు? మిగిలిపోయిన పెరాక్సైడ్ కూడా సీఓడీ టెస్టులో లెక్కకొస్తుంది, మిల్లీగ్రాముకి దాదాపు 0.47. అదే ఏరేషన్‌లోకి పోతే మీ బ్యాక్టీరియా చస్తుంది.

ఈటీపీ_రాత్రిషిఫ్టు:
ఇప్పుడే పెరాక్సైడ్ స్ట్రిప్ ముంచి చూశాను. ముదురు నీలం, అంటే పెరాక్సైడ్ చాలా మిగిలిపోతోంది. నెల రోజులుగా ఏరేషన్ ట్యాంకు ఎందుకు కోలుకోవట్లేదో అర్థమైంది. పెరాక్సైడ్ పంపు ఆపేశాను. రేపు మదర్ లిక్కర్‌ని విడిగా డ్రమ్ములో పట్టి జార్ టెస్ట్ (చిన్న పాత్రల్లో మోతాదు చూసే పరీక్ష) చేస్తాను. ఇనుము, పెరాక్సైడ్ ఏ పాళ్లలో మొదలుపెట్టమంటారు?