అప్‌డేట్: మత్తయి బొమ్మలో వెలుగు ఎటునుంచి వస్తోందో తేలింది

ఇటలీ చిత్రకారుడు కరవాజియో గీసిన ‘సెయింట్ మత్తయి పిలుపు’ (1599–1600)లో, అంటే పన్నులు వసూలు చేసే మత్తయిని క్రీస్తు శిష్యుడిగా పిలిచే బొమ్మలో, కిటికీ ఉన్నా వెలుగు అందులోంచి రావడం లేదేమని మొన్న అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ‘బొమ్మను కాదు, అది ఉన్న చోటును చూడండి’ అన్నవారి మాటే నిజమైంది. పోయిన వారం రోములో సాన్ లుయిజీ దెయి ఫ్రాంచేజీ చర్చికి వెళ్లాను. బొమ్మ ఎడమ గోడకు ఉంది. దానికి కుడివైపున, బలిపీఠం పైన, అసలు కిటికీ! బొమ్మలో వెలుగూ కుడినుంచే, క్రీస్తు తల పైనుంచి ఏటవాలుగా వచ్చి, బల్ల దగ్గర డబ్బు లెక్కపెడుతున్నవాళ్ల ముఖాల మీద పడుతోంది. క్రీస్తు మాత్రం చాలావరకు చీకట్లోనే. చాచిన చేయి, సగం ముఖం, అంతే. నాణెం వేస్తే వెలిగే దీపం ఆరిపోయాకే ఇదంతా బాగా తెలిసింది. బొమ్మలోని కిటికీ వెలుగివ్వకపోవడానికి పైపూత (వార్నిష్) నల్లబడటం కారణమేమో, నా దగ్గరున్న ప్రింటు లోపమేమో అన్న అనుమానాలు ఉత్తవే.